నవమి పందిట్లో 500 మందికి వడపప్పు, పానకం: పచ్చివాటిని ఎలా కడగాలి, ఎంతసేపు ఉంచవచ్చు?

సత్యనారాయణపురం పందిరి
విజయవాడ

అందరికీ నమస్కారం. శ్రీరామనవమికి మా వీధి పందిట్లో దాదాపు 500 మందికి వడపప్పు, పానకం పంచాలి. కళ్యాణం అయ్యేసరికి పన్నెండున్నర దాటుతుంది, పంపకం ఇంకో గంట. ఆ వేళకు బెజవాడ ఎండ సంగతి మీకు తెలిసిందే. పప్పు నానబెట్టిందే, మామిడికాయ, కొబ్బరి, కీర, కొత్తిమీర అన్నీ పచ్చివే, పానకంలో నీళ్లూ పచ్చివే. పొయ్యి తగిలేది ఒక్కటీ లేదు. కమిటీలో కొందరు ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో కడిగితే చాలంటున్నారు. పాలు తాగే పిల్లల దగ్గర్నుంచి ఎనభై ఏళ్ల పెద్దల వరకు వచ్చి తీసుకుంటారు కాబట్టి, గట్టి సమాచారం ఉన్నవాళ్లు కొలతలతో సహా చెప్పండి. అలాగే ఇళ్లలో రోజూ తినే పెరుగు పచ్చళ్లు, ఉల్లిపాయ ముక్కలు, కొత్తిమీర విషయం కూడా ఇక్కడే మాట్లాడుకుందాం.

---

ల్యాబ్ బల్ల
విజయవాడ · ఆహార సూక్ష్మజీవ పరీక్షలు

ముందు ఉప్పు, పసుపు సంగతి తేల్చేద్దాం. లీటరుకు రెండు చెంచాల ఉప్పు వేసి పది నిమిషాలు ఉంచితే కాలీఫ్లవర్‌లో, గోంగూరలో దాక్కున్న పురుగులు బయటికి వస్తాయి. దానికి అది మంచి పద్ధతే. కానీ ఆ గాఢతకు, ఆ కాస్త సమయానికి సాల్మొనెల్లా, ఈ.కోలి లాంటి కడుపు చెడగొట్టే బ్యాక్టీరియా చావవు. పసుపు నీళ్లలో కరగనే కరగదు, అడుగున పేరుకుంటుంది. దాన్ని నమ్ముకుని మిగతా జాగ్రత్తలు వదిలేయడమే అసలు ప్రమాదం.

రెండో మాట. పారే నీళ్ల కింద బాగా రుద్ది కడిగితే ఉపరితలం మీది సూక్ష్మజీవుల్లో 90 నుంచి 99 శాతం వరకు పోవచ్చు. వినడానికి ఎక్కువే. కానీ ఆకు మీద లక్ష ఉంటే 99 శాతం పోయాక కూడా వెయ్యి మిగులుతాయి. ఆ వెయ్యి 35 డిగ్రీల వేడిలో, తడిలో, ముక్కల రసంలో ఇరవై నిమిషాలకోసారి రెట్టింపైతే గంటలో ఎనిమిది వేలు, రెండు గంటల్లో అరవై వేలు దాటతాయి. కడగడంతో పాటు గడియారం కూడా చూడాలనేది అందుకే. వండనివాటికి, కోసినవాటికి మామూలుగా రెండు గంటలు గడువు. 32 డిగ్రీలు దాటిన వాతావరణంలో ఒక్క గంటే. నవమి మధ్యాహ్నం మీకున్నది ఆ గంటే.

మీ వడపప్పులో ఎక్కువగా అనుమానించాల్సింది కొత్తిమీరను, తర్వాత నానిన పప్పును, తర్వాత కలిపే చేతులను. మామిడికాయ పులుపు వల్ల కాస్త నయం. పులుపు సూక్ష్మజీవులు పెరగడాన్ని మందగింపజేస్తుంది. అంతేగాని ఉన్నవాటిని వెంటనే చంపదు.

---

వంట మేస్త్రి
గుంటూరు · పెళ్లి వంటలు

అయిదొందల మందికి చిన్న దొన్నెలో పెట్టేది ఒక్కొక్కరికి 55, 60 గ్రాములు. పొడి పెసరపప్పు 12 కిలోలు నానితే 22 కిలోల దాకా అవుతుంది. మామిడికాయ తురుము 4 కిలోలు, పదిహేను కొబ్బరికాయల కోరు సుమారు 3 కిలోలు, పచ్చిమిర్చి పావు కిలో. మొత్తం 29 కిలోలు వస్తుంది, సరిపోతుంది. కీర దోసకాయ వద్దని నా మాట. ఉప్పు తగలగానే నీరు ఊరుతుంది, ఎండకు ముందు పాడయ్యేది అదే. కొత్తిమీర తప్పదనుకుంటే నాలుగు పెద్ద కట్టలు చాలు, లేకపోయినా వడపప్పుకు లోటు లేదు.

చాలా పందిళ్లలో జరిగే తప్పు ఏమిటంటే, తెల్లవారుజామున నాలుగింటికే పప్పు నానేసి తొమ్మిదింటికి అన్నీ కలిపి ఒకే గుండిగలో మూతపెట్టి ఉంచడం. అడుగున వేడి పుడుతుంది, పదకొండుకల్లా జిగురు తగులుతుంది, వాసన మారుతుంది. పెసరపప్పుకు గంట నానితే చాలు. నవమి నాడు పదిన్నరకు నానేయండి, పదకొండున్నరకు వాడ్చండి. తురుము, కోరు విడిగా ఐస్‌పెట్టెలో ఉంచండి. ఉప్పు, నిమ్మరసం చివర్న. ఒకేసారి కలపకుండా ఆరు విడతలుగా, విడతకు అయిదు కిలోల చొప్పున కలిపితే ఏ ముద్దా పావుగంట మించి బయట ఉండదు.

---

ల్యాబ్ బల్ల

మేస్త్రి గారు చెప్పిన విడతల పద్ధతి చాలా మంచిది. దానికి ఒక్కటి జోడిస్తాను. నానిన పప్పును మరుగుతున్న నీళ్లలో ఒక నిమిషం ముంచి తీయండి. పప్పు ఉడకదు, పలుకు అలాగే ఉంటుంది. పైన అంటుకున్నవాటిలో చాలా భాగం పోతుంది.

ఇక్కడ కొలత తప్పితే ప్రయోజనం ఉండదు. పది లీటర్ల మరిగే నీళ్లలో రెండు కిలోల నానిన పప్పు వేస్తే నీళ్ల వేడి 90 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. అదే పది కిలోలు ఒక్కసారి కుమ్మరిస్తే 70 కిందికి దిగిపోతుంది, లోపలి పప్పుకు ఆ వేడి కూడా అందదు. అందుకని రెండేసి కిలోలు. గుడ్డలో మూట కట్టకూడదు, మూట మధ్యకు వేడి చేరదు. చిల్లుల బుట్టలో వదులుగా వేసి గరిటెతో తిప్పుతూ నిమిషం. వెంటనే తీసి కాచి చల్లార్చిన నీళ్లలో ముంచి వాడ్చాలి. తర్వాతి బుట్ట వేసే ముందు నీళ్లు మళ్లీ తెర్లాలి. పదకొండు బుట్టలకు పెద్ద పొయ్యి మీద ముప్పావు గంట పడుతుంది, కాబట్టి నానబెట్టడం పదికే మొదలుపెట్టండి.

---

కృష్ణలంక బామ్మ

నాయనా, వేడినీళ్లలో వేశాక అది వడపప్పు ఎలా అవుతుంది? రాముడికి నైవేద్యం పెట్టేది పచ్చిదే. పొయ్యి ఎక్కించినది గుగ్గిళ్లు అవుతుంది. ఇన్నేళ్లుగా పంచుతున్నారు, అందరూ తింటున్నారు. మంచినీళ్లతో, మడితో చేస్తే ఏమీ కాదు. మీరు చెప్పేది కాదనను, పిల్లలకు ఇబ్బంది రాకూడదు. కానీ పద్ధతి పోకుండా దారి చెప్పండి.

---

ల్యాబ్ బల్ల

బామ్మ గారూ, మీ మాట సరైనదే, దారి ఉంది. నైవేద్యానికి కావలసిన పావుకిలో, అరకిలో పప్పు విడిగా కాచి చల్లార్చిన నీళ్లలో గంట నానబెట్టి పచ్చిదే స్వామికి పెట్టండి. అది వెంటనే అయిపోతుంది కాబట్టి పెరిగే సమయం ఉండదు. పంపకానికి ఉద్దేశించిన 22 కిలోలకు మాత్రం వేడినీళ్లు. ఇంట్లో నలుగురికి చేసేదానికి, 500 మందికి చేసేదానికి తేడా ఇదే. ఇంట్లో నానిన గంటలో తినేస్తారు. పందిట్లో ఎన్నో చేతులు, ఎన్నో గిన్నెలు, ఎంతో సమయం కలుస్తాయి. ఒక్క చేతి నుంచి వచ్చినది అందరి దొన్నెల్లోకి వెళ్తుంది.

మడి అన్నారు కాబట్టి ఇది కూడా. మడి బట్టతో పాటు గోళ్లు కత్తిరించి, సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడగాలి. చేతులకు రాసుకునే శానిటైజర్ నోరోవైరస్ మీద అంతగా పనిచేయదు, సబ్బు, నీళ్లే దిక్కు. విరేచనాలు, వాంతులు అయినవాళ్లు అవి తగ్గాక కూడా 48 గంటల పాటు కలపడానికి, వడ్డించడానికి రాకూడదు. ఇది మొహమాటపడాల్సిన చోటు కాదు.

---

కృష్ణలంక బామ్మ

అలా అయితే సరే నాయనా. స్వామికి వేరు, పంపకానికి వేరు. ఆ మాట కమిటీ వాళ్లకు ముందే చెప్పండి, ఆ రోజు పందిట్లో వాదన రాకుండా.

---

నీళ్ల ఇంజినీరు
విజయవాడ

వడపప్పు గురించి ఇంత మాట్లాడుతున్నారు గానీ, నా దృష్టిలో పానకం దానికన్నా ముఖ్యం. నీళ్లలో ఉన్నది నేరుగా కడుపులోకి పోతుంది. 2018 మార్చిలో గుంటూరులో అతిసారం అంతగా ప్రబలింది తాగునీటిలో మురుగు కలిసినందువల్లే.

కుళాయి చివర నీటిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం. సంపులో, పైన ట్యాంకులో రెండు రోజులు నిలవ ఉంటే అది కూడా మిగలదు. టిన్నుల్లో వచ్చే నీళ్లయినా సరే, తెరిచి చెంబు ముంచితే ఆ చెయ్యి ఎంత శుభ్రమో నీళ్లూ అంతే శుభ్రం.

పానకం 500 మందికి తలా 100 మిల్లీలీటర్లంటే 50 లీటర్లు. ముందురోజు రాత్రి 45 లీటర్లు మూడు గిన్నెల్లో తెర్లకాచి మూతపెట్టి వదిలేయండి. ఒకే పెద్ద గిన్నెలో కాస్తే పొద్దుటికి కూడా చల్లారదు, అందుకే మూడు. నవమి పొద్దున 10 కిలోల బెల్లాన్ని అందులోంచే తీసిన ఎనిమిది లీటర్ల నీళ్లలో కరిగించి, తెర్లనిచ్చి, నూలుగుడ్డలో వడకట్టండి. బెల్లంలో పీచు, ఇసుక, చీమలు తప్పకుండా ఉంటాయి. మిరియాల పొడి ఆ పాకంలోనే పడాలి. మిరియాలు ఎండబెట్టేది ఆరుబయట నేల మీద, వాటి మీద కూడా సాల్మొనెల్లా ఉండొచ్చు. యాలకుల పొడి దించే ముందు. తర్వాత మిగతా నీళ్లు కలపడమే.

కాచే వసతి లేకపోతే నీళ్లకు క్లోరిన్ వేయవచ్చు. 4 శాతం సోడియం హైపోక్లోరైట్ (ద్రవ బ్లీచ్) ద్రావణం పది లీటర్లకు అర మిల్లీలీటరు, సూది లేని సిరంజితో కొలిచి, కలిపి అరగంట ఆగాలి. అలా లీటరుకు 2 మిల్లీగ్రాములు పడుతుంది. బెల్లం కలపక ముందే వేయాలి. బెల్లం కలిశాక వేస్తే క్లోరినంతా బెల్లంలోని పదార్థాలతోనే ఖర్చయిపోతుంది, సూక్ష్మజీవుల దాకా రాదు.

ఐసుగడ్డ పానకంలో వేయకండి. ఐసు కావాలంటే గిన్నె చుట్టూ పెద్ద టబ్బులో పేర్చండి. చేపలకు వాడే ఐసు ఏ నీళ్లతో చేశారో, ఏ నేల మీద ఈడ్చారో ఎవరూ చెప్పలేరు. పానకం పంచేందుకు కుళాయి ఉన్న డ్రమ్ము పెట్టండి, గ్లాసుతో ముంచి పోయడం వద్దు.

---

బ్రాడీపేట
గుంటూరు

కొత్తిమీర కడిగే క్లోరిన్ లెక్క, తాగే నీళ్ల లెక్క ఒకటేనా అండీ? మా ఇంట్లో టిఫిన్లోకి రోజూ పచ్చి కొత్తిమీర, పుదీనా పచ్చళ్లు ఉంటాయి. వెనిగర్ అని కొందరు, వంటసోడా అని కొందరు చెబుతున్నారు. ఏది దేనికి?

---

ల్యాబ్ బల్ల

ఒకటి కాదండీ. తాగే నీటికి లీటరుకు 2 మిల్లీగ్రాములు. ఆకుకూరలు ముంచే నీటికి 50 మిల్లీగ్రాములు, అంటే 50 పీపీఎం. ఇది ముంచడానికే, తాగడానికి పనికిరాదు.

కొత్తిమీర కట్ట విప్పి, వేళ్లు, కుళ్లిన ఆకులు, పసుపు ఆకులు తీసేయండి. కట్టగా ఉండగా ఎంత కడిగినా మధ్య కాడల్లో మన్ను అలాగే ఉంటుంది. పెద్ద బేసిన్లో నీళ్లు పోసి జాడించి, ఆకును పైకి ఎత్తి తీయండి. నీళ్లతో పాటు వంపేస్తే అడుగున దిగిన ఇసుక మళ్లీ ఆకు మీదే పడుతుంది. అడుగున మన్ను కనపడనంత వరకు, సాధారణంగా మూడుసార్లు, వానాకాలంలో నాలుగైదు. ఆ తర్వాతే క్లోరిన్ నీళ్లు. మన్ను ఉండగా ముంచితే మన్నే క్లోరిన్‌ను తాగేస్తుంది.

4 శాతం ద్రావణమైతే లీటరుకు 1.25 మిల్లీలీటర్లు, 5 శాతమైతే 1 మిల్లీలీటరు. ఇంట్లో నాలుగు లీటర్ల బేసిన్‌కు 4 శాతంది సరిగ్గా ఒక అయిదు మిల్లీలీటర్ల మందు చెంచా. ఆకు మునిగేలా అయిదు నిమిషాలు ఉంచి, తీసి, తాగే నీళ్లతో ఒకసారి జాడించి, చిల్లుల గిన్నెలో వాడ్చండి. నిలవ చేయాలంటే పొడిగుడ్డ మీద తడి పూర్తిగా ఆరాకే ఫ్రిజ్‌లోకి. వాడే రోజున కడగడం ఇంకా మంచిది, తడి ఆకు రెండు రోజుల్లో నల్లబడుతుంది.

తెల్ల వెనిగర్ ఒక పాలు, నీళ్లు మూడు పాళ్లు కలిపి అయిదారు నిమిషాలు ఉంచినా సూక్ష్మజీవులు కొంత తగ్గుతాయి, కానీ ఆకు వాడిపోతుంది, రుచి అంటుకుంటుంది, ఖర్చూ ఎక్కువ. వంటసోడా సూక్ష్మజీవులకు కాదు, పురుగుమందుకు. దాని గురించి తెలిసినవాళ్లు విడిగా చెబితే బాగుంటుంది.

పచ్చడికైతే ఇవేవీ అక్కర్లేని మార్గం ఉంది. కడిగిన పుదీనా, కొత్తిమీరను బాణలిలో చెంచా నూనెతో ఆకు పూర్తిగా వాడి ఆవిరి పొగలొచ్చే దాకా వేయించి రుబ్బండి. మన గుంటూరు వైపు రోటిపచ్చళ్లకు మగ్గించే అలవాటు ఎలాగూ ఉంది. ఏ రసాయనమూ వేడికి సాటిరాదు.

---

నీళ్ల ఇంజినీరు

ల్యాబ్ బల్ల గారి లెక్క సరిగ్గా ఉంది. సీసా గురించి నాలుగు మాటలు నేను చెబుతాను, ఎక్కువ పొరపాట్లు అక్కడే.

లేబుల్ మీద సోడియం హైపోక్లోరైట్ శాతం రాసి ఉండాలి. సువాసన, నురగ వచ్చే పదార్థాలు కలిపిన నేల శుభ్రం చేసే రకాలు ఆహారానికి పనికిరావు. తయారీ తేదీ చూడండి. ఈ ద్రావణం ఎండకు, వేడికి తనంతట తానే బలం కోల్పోతుంది. మన వేసవిలో వంటింటి కిటికీ పక్కన ఆరునెలలు ఉన్న సీసా లేబుల్ మీద 4 శాతం అని చూపించినా లోపల అంత ఉండదు. చీకటి అలమరలో, చిన్న సీసా కొనుక్కోవడం మేలు.

వెనిగర్ గానీ, నిమ్మరసం గానీ, మరుగుదొడ్డి కడిగే యాసిడ్ గానీ దీనితో ఎప్పుడూ కలపకూడదు. క్లోరిన్ వాయువు వస్తుంది, ఇరుకు వంటింట్లో ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. రెండూ మంచివే కదా అని ఒకే బేసిన్లో పోసేవాళ్లు ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వీధిలో చల్లే బ్లీచింగ్ పౌడర్ వద్దు. కొత్తదానిలో 33 శాతం దాకా క్లోరిన్ ఉన్నా, సంచి తెరిచిన దగ్గర్నుంచీ తగ్గుతూ పోతుంది. ఎంత ఉందో తెలియకుండా కొలవలేరు. పైగా సున్నం తెట్టు ఆకుకు అంటుకుంటుంది. సబ్బు, గిన్నెలు తోమే ద్రవం కూడా వాడకూడదు, కాయల తొక్కలోని సన్నటి రంధ్రాలు వాటిని పీల్చుకుంటాయి.

వంట మేస్త్రి గారికి ఒక లెక్క: 100 లీటర్ల టబ్బుకు 4 శాతం ద్రావణం 125 మిల్లీలీటర్లు. నీళ్లు మసకబారితే బలం పోయినట్టే. పారబోసి కొత్తగా కలపాలి, పైన ఇంకాస్త పోయడం కాదు.

---

పెనుమాక తోట

రైతు వైపు నుంచి చెబుతాను. ఆకు మీదికి మలిన సూక్ష్మజీవులు ఎక్కే దారులు మూడు. పచ్చి పేడ, పారించే నీళ్లు, అమ్మే చోట చల్లే నీళ్లు.

పచ్చి పేడ వేసిన నేలలో, నేలకు తగిలే పంటను కోయడానికి మధ్య కనీసం 120 రోజులు ఉండాలని అమెరికా సేంద్రియ సాగు నియమాల్లో ఉంది. మన తోటకూర నాలుగు వారాల్లో కోతకు వస్తుంది, కొత్తిమీర నలభై రోజులు. అంటే ఆకుకూరల మడికి పచ్చి పేడ వేయడానికి కుదరదు. బాగా మాగిన ఎరువే వేయాలి. కుప్ప లోపల 55 డిగ్రీల పైన పదిహేను రోజులు ఉండి, ఆ రోజుల్లో కనీసం అయిదుసార్లు తిరగేస్తే అప్పుడు మాగినట్టు. తిరగేయని కుప్పలో బయటి పొర ఎప్పటికీ వేడెక్కదు. సేంద్రియం అన్న మాట పురుగుమందు లేదని చెబుతుంది. సూక్ష్మజీవులు లేవని కాదు, ఇది కొనేవాళ్లు బాగా గుర్తుంచుకోవాలి.

నీళ్లు ఆకుల మీద చల్లడం కన్నా మొక్క మొదట్లో పారించడం మంచిది. వాన పడితే మన్ను చింది కింది ఆకులకు అంటుతుంది, అందుకే వానాకాలం ఆకుకూరకు రెండు కడుగులు ఎక్కువ.

కొనేటప్పుడు పటమట రైతుబజారులోనైనా, గుంటూరు కొల్లి శారద మార్కెట్లోనైనా పొద్దునే వెళ్లండి. మధ్యాహ్నానికి ఆకు వాడకుండా గంటకోసారి బకెట్టులోంచి చల్లుతారు. ఆ బకెట్టులో గోనెపట్టా, చేతులు, అన్నీ మునిగి ఉంటాయి. పొడిగా, కాస్త వాడినట్టున్న ఆకు తడితో నిగనిగలాడే ఆకు కన్నా మేలు. ఇంటికొచ్చి చల్లటి నీళ్లలో పావుగంట ఉంచితే లేచి నిలబడుతుంది. చీలిన దోసకాయ, పగిలిన టమాటా పచ్చిగా తినడానికి తీసుకోకండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పటిలా వరద నీళ్లు మునిగిన పంట అయితే దాన్ని పచ్చిగా తినే మాటే లేదు. ఆకుకూరలైతే పారేయాల్సిందే, ఎంత కడిగినా.

---

పటమట టీచరు

క్యాబేజీలో పురుగు మెదడులోకి వెళ్తుందని స్కూల్లో పిల్లల తల్లిదండ్రులు ఇప్పటికీ అడుగుతున్నారు. దానివల్ల క్యాబేజీ మానేసినవాళ్లు ఉన్నారు. డాక్టర్లు ఎవరైనా వివరంగా చెప్పగలరా?

---

పిల్లల వైద్యం
గుంటూరు

టీచరు గారూ, ఇది తప్పకుండా విప్పి చెప్పాల్సిన విషయం. క్యాబేజీలో కనిపించే ఆకుపచ్చ గొంగళి పురుగుకూ ఈ జబ్బుకూ సంబంధం లేదు. మెదడులో తిత్తులు కట్టేది పంది బద్దెపురుగు పిల్ల. ఆ బద్దెపురుగు పెద్దదై ఉండేది మనిషి పేగులో. ఆ మనిషి మలంలో గుడ్లు వస్తాయి. ఆ గుడ్లు మురుగు నీళ్ల ద్వారానో, కడగని చేతుల ద్వారానో ఆకు మీదికి చేరి, దాన్ని పచ్చిగా తింటే, పేగులో పగిలి రక్తంలో ప్రయాణించి మెదడులో తిత్తి కడతాయి. మూర్ఛలు వస్తాయి. కాబట్టి మాంసం ముట్టనివాళ్లకూ రావచ్చు, క్యాబేజీ ఒక్కదానివల్లే కాదు, ఏ పచ్చి ఆకువల్లైనా రావచ్చు. ఇంట్లో వంట చేసే మనిషి పేగులోనే బద్దెపురుగు ఉంటే బయటి కూరగాయతో పనిలేకుండానే అందరికీ అంటుతుంది.

పైన చెప్పిన 50 పీపీఎం క్లోరిన్ బ్యాక్టీరియాకు పనిచేస్తుంది, ఈ గుడ్లకు కాదు. ఏలికపాము గుడ్ల పైపొర ఇంకా మందం, జిగురుగా అంటుకుని ఉంటుంది. వాటిని కదిలించేది పారే నీళ్లు, వేళ్లతో రుద్దడం. చంపేది వేడి. క్యాబేజీ పచ్చిగా తినాలంటే పై రెండు మూడు ఆకులు తీసేసి, గడ్డను సగానికి కోసి, ఒక్కో ఆకు విడదీసి కుళాయి కింద రెండు వైపులా రుద్దాలి. నూడుల్స్ బండ్ల మీద పచ్చిగా చల్లే తురుముకు ఇదంతా ఎవరూ చేయరు. ఇంట్లో ఉడికించిన క్యాబేజీకి ఈ భయం అక్కర్లేదు, పిల్లలకు నిశ్చింతగా పెట్టవచ్చు.

నులిపురుగుల నివారణ దినాన, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర తప్పకుండా వేయించండి. అది ఏలికపాములు, కొంకిపురుగుల కోసం. అది వేసుకున్నా చేతులు కడగడం మానకూడదు.

గర్భిణులకు ప్రత్యేకంగా. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా మెల్లగా పెరుగుతుంది. ముందురోజు కోసి ఫ్రిజ్‌లో పెట్టిన కర్బూజా ముక్కలు, కొన్న సలాడ్లు వద్దు. అప్పటికప్పుడు కడిగి, తొక్క తీసి, కోసుకుని తినే పండు మంచిది. 2011లో అమెరికాలో లిస్టీరియా సోకిన కర్బూజాల వల్ల 33 మంది చనిపోయారు. వల అల్లినట్టుండే ఆ తొక్క మీద మన్ను ఇరుక్కుంటుంది, కోసేటప్పుడు కత్తితో పాటు లోపలికి దిగుతుంది. కోయబోయే ముందు గట్టి బ్రష్షుతో రుద్ది, తుడిచి, అప్పుడు కోయాలి. పుచ్చకాయకూ ఇదే వర్తిస్తుంది. తొక్క తినం కదా అని కడగకుండా కోస్తుంటారు.

---

బ్రాడీపేట

మొలకల సంగతి కూడా చెప్పండి డాక్టరు గారూ. షుగరు ఉన్నవాళ్లు రోజూ పచ్చి మెంతి మొలకలు, పెసర మొలకలు తింటున్నారు.

---

పిల్లల వైద్యం

పచ్చి మొలకలు నేను ఎవరికీ చెప్పను. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల ఈ.కోలి వ్యాపించి 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు, చాలామందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. గింజలు ఈజిప్టు నుంచి వచ్చినవని తేలింది. మొలకెత్తడానికి కావలసిన వెచ్చదనం, తేమ బ్యాక్టీరియాకూ కావలసినవే. గింజ పగులులో ఒకటి దాక్కున్నా రెండు రోజుల్లో కోట్లు అవుతుంది, కడిగితే పోదు, మొలక లోపలికీ చేరుతుంది. ఆవిరి మీద అయిదారు నిమిషాలు పెట్టి తినండి. కొంత సి విటమిన్ పోతుంది, పీచు, మాంసకృత్తులు ఎక్కడికీ పోవు.

---

పెనుమాక తోట

వంటసోడా, పురుగుమందుల గురించి అడిగారు కదా. పైన పడ్డ మందులో కొంత పారే నీళ్లకే పోతుంది. ఆపిల్ పండ్ల మీద 2017లో అమెరికాలో చేసిన ప్రయోగంలో లీటరుకు 10 గ్రాముల వంటసోడా కలిపిన నీళ్లలో 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే తొక్క మీది రెండు మందుల అవశేషాలు పోయాయి. తొక్కలోకి ఇంకినది మాత్రం మిగిలింది. అన్ని మందులకూ, అన్ని కాయలకూ ఇదే ఫలితం వస్తుందని అనుకోకూడదు. ఇమిడాక్లోప్రిడ్, ఎసిఫేట్ లాంటివి మొక్క లోపల ప్రవహించే రకాలు, వాటిని ఏ కడుగూ తీయలేదు. చల్లిన తర్వాత లేబుల్ మీద రాసిన రోజులు ఆగి కోయడమే మార్గం, అది రైతు చేతిలో ఉంది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే కేంద్రం ఆంక్ష పెట్టింది.

ఆకుకూరకు మందు భయమైతే వంటసోడా, సూక్ష్మజీవుల భయమైతే క్లోరిన్. రెండూ చేయాలనుకుంటే ముందు సోడా, బాగా జాడించి, తర్వాత క్లోరిన్. సోడా నీళ్లలోనే క్లోరిన్ కలిపితే దాని బలం తగ్గుతుంది.

---

సత్యనారాయణపురం పందిరి

ఇంత వివరంగా చెప్పినందుకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. బామ్మ గారి మాట కమిటీకి చెప్పాం, అందరూ ఒప్పుకున్నారు. ఇలా అనుకుంటున్నాం, తప్పులుంటే దిద్దండి. ముందురోజు సాయంత్రమే మామిడికాయలు తురిమి, కొబ్బరి కోరి ఫ్రిజ్‌లో పెడతాం. రాత్రి నీళ్లు కాస్తాం. నవమి నాడు పదికి పప్పు నానబెట్టి, పదకొండుకు వేడినీళ్లలో ముంచి, పన్నెండుకల్లా అంతా కలిపేస్తాం. కొత్తిమీర మానేశాం.

---

వంట మేస్త్రి

రెండు మార్చాలండీ. కొబ్బరి ముందురోజు కోరవద్దు. ఇంటి ఫ్రిజ్‌లో మూడు కిలోల కోరు లోపలిదాకా చల్లబడేసరికి తెల్లారుతుంది, పొద్దుటికి చేదో, పులుపో తగులుతుంది. కాయ పైపీచు తీసి, చిప్పను కడిగి తుడిచి పగలగొట్టి, నవమి రోజు పదిన్నరకు కోరండి. కొబ్బరి కోరే పీట పళ్ల మధ్య పాత కొబ్బరి ఇరుక్కుని ఉంటుంది, వేడినీళ్లు పోసి బ్రష్షుతో తీయాలి. మామిడికాయ ముందురోజు కడిగి తుడిచి పెట్టుకోవచ్చు, తొక్క తీయడం, తురమడం ఆ రోజే.

రెండోది, పన్నెండుకల్లా అంతా కలపొద్దు. వేడినీళ్లలో ముంచి, చల్లటి నీళ్లలో తీసి, వాడ్చిన పప్పును వెడల్పాటి స్టీలు పళ్లేల్లో రెండంగుళాల మందం మించకుండా పరిచి ఐసు మీద ఉంచండి. పన్నెండున్నరకు మొదటి అయిదు కిలోలు కలిపి వడ్డన మొదలుపెట్టండి. అది సగమయ్యాక రెండోది. వడ్డించే గరిటె, కలిపే గరిటె వేరుగా ఉండాలి. డబ్బులు, దక్షిణ అందుకునే మనిషి వడ్డించకూడదు.

---

ల్యాబ్ బల్ల

మేస్త్రి గారి మాటకు నాదో చిన్న కారణం. మరిగే నీళ్లకు కూడా చావని బీజాలు కొన్ని ఉంటాయి, బాసిల్లస్ సీరియస్ లాంటి బ్యాక్టీరియావి. పప్పు గోరువెచ్చగా కుప్పగా ఉంటే అవి మేల్కొని పెరుగుతాయి. పలచగా పరిచి చల్లబరచడం అందుకే. ఆ రోజు మాంసం కోసిన కత్తిపీట గానీ, పీట గానీ ఇళ్లనుంచి ఎవరూ తేకుండా చూసుకోండి. వంటింటి మసిగుడ్డలతో పళ్లేలు తుడవద్దు, నీళ్లు కారేలా బోర్లించి ఆరనివ్వండి.

---

సత్యనారాయణపురం పందిరి

అలాగే మార్చుకుంటాం. చివరిగా ఒకటి. ఒంటిగంటన్నర తర్వాత ఇంకా జనం వస్తే, కలిపిన వడపప్పు ఒక గిన్నె మిగిలితే ఏం చేయాలి? పానకం సాయంత్రం దాకా ఉంచొచ్చా?

---

వంట మేస్త్రి

కలపని పప్పు ఐసు మీద ఉంటే, అప్పటికప్పుడు కలిపి పెట్టండి. కలిపి గంట దాటినది ఎవరికీ ఇవ్వవద్దు, ఇంటికి కట్టివ్వవద్దు, ఆవులకు పెట్టండి. పానకం డ్రమ్ము మూత తీయకుండా, ఐసు టబ్బులో ఉంటే మూడింటి దాకా ఫరవాలేదు. నురగ కనిపించినా, ముక్కుకు పులుపు తగిలినా డ్రమ్మంతా పారబోయండి. రెండోసారి పంచాలనుకుంటే పాకం రెండు లీటర్లు విడిగా అట్టేపెట్టుకుని, సాయంత్రం కాచిన నీళ్లతో కొత్తగా కలుపుకోండి.